ఫోర్ బై ఫోర్ క్యాంపర్ వ్యాన్: యాక్సిల్ ఒక్కసారే విప్పాలంటే టైర్లు, గేర్లు, డిఫరెన్షియల్ ఎలా ఎంచుకోవాలి

నేను యాక్సిల్ రెండుసార్లు విప్పించుకున్నాను. ముందు ఫోటోల్లో బాగుంటాయని 35 అంగుళాల టైర్లు కొన్నాను. కాలిఫోర్నియాలో బిషప్ ఊరు దాటాక 395 రోడ్డు మీద షెర్విన్ గ్రేడ్ అని పొడుగాటి ఎత్తు ఒకటుంది, ఎక్కీ ఎక్కీ 7,000 అడుగుల దగ్గర గానీ ఆగదు. అక్కడ యాక్సిల్ లోపలి పాత 3.73 నిష్పత్తి గేర్లతో నా వ్యాన్ మూడో గేరుకీ నాలుగో గేరుకీ మధ్య ఊగిసలాడుతూ, వెనక లారీ హారన్ కొడుతూ, పక్క సీట్లో మా ఆవిడ ఏమీ అనకుండా కిటికీలోంచి చూస్తూ... సరే, 4.10 గేర్లు వేయించాను. ఆ చలికాలం క్యాంప్‌గ్రౌండ్‌లో మంచు మీద ఒక చక్రం గిరగిరా తిరుగుతుంటే రెండోది చూస్తూ కూర్చుంది, రెండు చక్రాల్నీ కలిపి తిప్పే లాకర్ కావాల్సి వచ్చింది. పనిలో పనిగా గేర్లు 4.56కి మారుద్దామంటే లోపల పెద్ద గేరుని మోసే పాత క్యారియర్ పనికిరాదన్నారు. అంటే క్యారియర్, బేరింగులు, గేర్లు, కూలి అన్నీ రెండోసారి.

టైరు, గేరు, డిఫరెన్షియల్ (యాక్సిల్, అంటే ఇరుసు, మధ్యలో ఉండి రెండు చక్రాలకీ బలం పంచేది) మూడు వేర్వేరు కొనుగోళ్లలా కనిపిస్తాయి గానీ నిజానికి ఒకటే లెక్క. ఆ లెక్క కాగితం మీద పూర్తయ్యేదాకా పానా పట్టుకోవద్దని చెప్పడానికే ఇదంతా రాస్తున్నాను.

ఇక్కడ ఉదాహరణగా తీసుకున్న బండి అమెరికాలో దొరికే ఫోర్డ్ ఈ-350, 1992 నుంచి 2014 వరకు వచ్చిన తరం. ఫ్యాక్టరీ దీన్ని ఫోర్ బై ఫోర్‌గా ఎప్పుడూ అమ్మలేదు. క్విగ్లీ, స్పోర్ట్స్‌మొబైల్ లాంటి సంస్థలు మార్చి ఇచ్చినవి, లేదా యూజాయింట్ ఆఫ్‌రోడ్ లాంటివాళ్ళ కిట్‌తో సొంతంగా మార్చుకున్నవి తిరుగుతుంటాయి. ఎక్కువమంది ముందువైపు ఫోర్డ్ సూపర్ డ్యూటీ పికప్‌లోని డానా 60 యాక్సిల్ వేస్తారు. మీది ఆల్ వీల్ డ్రైవ్ స్ప్రింటరో ట్రాన్సిటో అయితే టైర్ల భాగం పనికొస్తుంది, గేర్ల విషయంలో మీ చేతిలో ఉండేది చాలా తక్కువ.

మొదట కాటా

టైర్ల షాపుకి వెళ్ళేముందు ట్రక్ స్టాప్‌లో క్యాట్ స్కేల్ మీదకి వెళ్ళండి. వ్యాన్‌ని ప్రయాణానికి వెళ్ళేటట్టే నింపాలి: నీళ్ళ ట్యాంకు నిండా, డీజిలో పెట్రోలో నిండా, గ్యాస్ బండ, బ్యాటరీలు, సైకిళ్ళు, మనుషులు, ఆవకాయ జాడీతో సహా. నవ్వకండి, మన వంట సామాను బరువు మనం ఎప్పుడూ తక్కువే అంచనా వేస్తాం. 100 లీటర్ల నీళ్ళంటే 100 కిలోలు.

నా బండి ముందు ఇరుసు మీద 4,260 పౌండ్లు, వెనక 5,620, మొత్తం 9,880 వచ్చింది. డోరు దగ్గర స్టిక్కర్ మీద పరిమితి 9,500. ఫోర్ బై ఫోర్ చేయించినంత మాత్రాన ఆ స్టిక్కర్ మారదు, ముందువైపు బరువైన యాక్సిల్ పడిందంటే మిగిలే మోత ఇంకా తగ్గుతుంది. నేను ఇంటికొచ్చి ముందు చేసిన పని ఒక అల్మరా పీకెయ్యడం.

ఇరుసు బరువు తెలిసినా సగమే తెలిసినట్టు. వంటగది, నీళ్ళు, బ్యాటరీలు ఒకే పక్క కడితే ఆ మూల టైరే నలిగిపోతుంది. ఆర్వీల (పెద్ద ఇంటి బండ్ల) వాళ్ళు ఒక్కో చక్రం కింద పెట్టి తూచే చిన్న కాటాలు ఉంటాయి, దొరికితే వాటి మీద తూయించండి. నాది వెనక ఎడమ 3,020, వెనక కుడి 2,600 వచ్చింది. టైరు కొనాల్సింది ఈ 3,020ని చూసి.

ఎక్కడికి వెళ్తారో ఒప్పుకోవడం

ఇక్కడ మనల్ని మనం బాగా మోసం చేసుకుంటాం. మూడేళ్ళు నేను నడిపిన మైళ్ళు తిరగేస్తే నూటికి తొంభై పైన తారు రోడ్డే, తర్వాత మట్టి రోడ్లు, చలికాలంలో మంచు, ఎప్పుడో ఒకసారి నిజంగా లో రేంజ్ (పాకుతున్నంత నెమ్మదిగా, ఎక్కువ బలంతో నడిపే గేరు) కావాల్సిన దారి. డెత్ వ్యాలీలో యుబెహీబీ క్రేటర్ నుంచి రేస్‌ట్రాక్‌కి వెళ్ళే 27 మైళ్ళ దారి అంతా గరుకు అలలూ పదునైన రాళ్ళూ, అక్కడ టైరు పక్కగోడ గట్టిగా ఉండాలి, ఎత్తు ఎంతున్నా తేడా లేదు. యూటాలో కేనియన్‌ల్యాండ్స్ వైట్ రిమ్ దారి సుమారు 100 మైళ్ళు, అక్కడ లో రేంజ్ ఉన్న బండినే రానిస్తారు. మీ ఏడాదిలో ఇలాంటి రోజులు నాలుగుంటే ఆ నాలుగు రోజుల కోసం మిగతా 361 రోజులు మోత మోగే మడ్ టైర్ల మీద తిరగక్కర్లేదు.

టైరు: ఎత్తు కన్నా ముందు లోడ్ ఇండెక్స్ చదవండి

టైరు పక్కన సైజు తర్వాత 126/123 లాంటి అంకెలు ఉంటాయి. మొదటిది సింగిల్ చక్రానికి లోడ్ ఇండెక్స్. 120 అంటే 1,400 కిలోలు, 121 అంటే 1,450, 123 అంటే 1,550, 126 అంటే 1,700, 127 అంటే 1,750. ఇది ఎవరూ సరిగా చూడరు, అందరూ "లోడ్ రేంజ్ ఈ" (టైరు గట్టితనం తరగతి) అని ఉందా లేదా చూసి ఊరుకుంటారు. అక్కడే దెబ్బతింటారు.

ఎల్‌టీ285/75ఆర్16 తీసుకోండి, ఎత్తు 32.8 అంగుళాలు, లోడ్ రేంజ్ ఈ, ఇండెక్స్ 126, అంటే 80 పీఎస్‌ఐ దగ్గర 3,750 పౌండ్లు మోస్తుంది. ఇప్పుడు రిమ్ ఒక అంగుళం పెంచి ఎల్‌టీ285/70ఆర్17 చూడండి. ఎత్తు దాదాపు అంతే, అదీ లోడ్ రేంజ్ ఈ, కానీ ఇండెక్స్ 121, 3,195 పౌండ్లే. నా వెనక ఎడమ చక్రం మీద 3,020 ఉంది కాబట్టి 17 అంగుళాల రిమ్‌తో మిగిలేది 175 పౌండ్లు. పైన రూఫ్ రాక్ మీద ఎవరైనా పడుకుంటే అయిపోయింది. అందుకే బరువైన వ్యాన్‌కి 16 అంగుళాల రిమ్ పాతకాలపుదిగా కనిపించినా నాకు ముద్దు. 35 అంగుళాల ఎల్‌టీ315/75ఆర్16 ఇండెక్స్ 127, అది మోత దగ్గర బాగానే ఉంటుంది, దాని బాధలు వేరే.

ఆ బాధలేంటంటే: స్టీరింగ్ పూర్తిగా తిప్పితే ముందు భాగాలకి రాసుకుంటుంది, బంపరో మడ్‌గార్డో కోయాలి, ఒక్కో చక్రం బరువు పెరిగి బ్రేకులు పట్టడానికి సమయం పడుతుంది, స్టెప్నీ వెనక తలుపుకి వేలాడదీస్తే కీలు వదులవుతుంది, గేర్లు ఇంకో మెట్టు పైకి వెళ్ళాలి. దీనికి బదులుగా దక్కేది ఇరుసు కింద అంగుళం కన్నా తక్కువ ఎత్తు. టైరు ఎత్తు రెండంగుళాలు పెరిగితే ఇరుసు లేచేది అందులో సగమే కదా. నా 35లు అమ్మేసి 285/75ఆర్16 వేసుకున్నాను, ఇప్పటిదాకా వాటి వల్ల వెనక్కి తిరిగి వచ్చిన దారి లేదు. లిఫ్ట్, అంటే బండిని పైకి లేపిన ఎత్తు, తక్కువ ఉన్నవాళ్ళకి, ఇంట్లో ముసలివాళ్ళు ఎక్కాల్సినవాళ్ళకి 265/75ఆర్16, అంటే 31.6 అంగుళాలు, కూడా మంచి టైరే, ఇండెక్స్ 123.

రకం విషయంలో నా అభిప్రాయం సూటిగా: ఆల్ టెరైన్, దాని మీద మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు గుర్తు ఉండాలి. బీఎఫ్ గుడ్రిచ్ కేఓ2, కేఓ3, టోయో ఓపెన్ కంట్రీ ఏటీ3, ఫాల్కెన్ వైల్డ్‌పీక్ ఏటీ ఇవన్నీ ఆ వర్గంలోవే, మీ సైజులో మీ ఇండెక్స్‌లో ఏది దొరికితే అది. ఆ గుర్తు ఊరికే అలంకారం కాదండీ. కాలిఫోర్నియాలో మంచు పడ్డప్పుడు గొలుసులు కట్టుకోవాలనే ఆర్2 బోర్డు పెడితే నాలుగు చక్రాలకీ మంచు టైర్లున్న ఫోర్ వీల్ డ్రైవ్ బండ్లకి గొలుసులు కట్టుకోకుండా వెళ్ళే మినహాయింపు ఉంటుంది, గొలుసులు బండిలో మాత్రం ఉండాలి. ఆర్3 పెడితే ఎవరికీ మినహాయింపు లేదు. కొలరాడోలో ఐ-70 మీద చలికాలపు నిబంధన అమల్లో ఉన్నప్పుడు టైరు గాడి లోతు కనీసం 3/16 అంగుళం ఉండాలి. పెద్ద టైరు వేశాక గొలుసు లోపలివైపు బ్రేకు పైపుకో కమాను కట్టకో తగులుతుందేమో ఇంటి ముందే ఒకసారి కట్టి చూడండి, డానర్ సమ్మిట్ కనుమ దగ్గర చేతులు కొంకర్లు పోతుండగా తెలుసుకునే విషయం కాదది.

టైరు మీద డాట్ అక్షరాల చివరి నాలుగు అంకెలు తయారైన వారం, సంవత్సరం. క్యాంపర్ టైర్లు అరిగిపోయి చావవు, ముసలైపోయి చస్తాయి. కొత్తవంటూ రెండేళ్ళ పాతవి అంటగడితే ఒప్పుకోవద్దు.

బోల్టుల గొడవ

ఇది తెలియక చాలామంది రెండు స్టెప్నీలు మోస్తున్నారు. ఈ-350 వెనక ఇరుసు మీద ఎనిమిది బోల్టులు 6.5 అంగుళాల వలయంలో ఉంటాయి, అంటే 165.1 మిల్లీమీటర్లు. 1999 తర్వాత వచ్చిన సూపర్ డ్యూటీ ముందు యాక్సిల్ మీద అవే ఎనిమిది బోల్టులు 170 మిల్లీమీటర్ల వలయంలో ఉంటాయి. తేడా అయిదు మిల్లీమీటర్లే, కంటికి కనబడదు, కానీ రిమ్ ఎక్కదు.

దారులు మూడు. ఒకవైపు అడాప్టర్లు వేసుకోవడం, వేస్తే హబ్ మీద సరిగ్గా కూర్చునేవే వేయాలి, ప్రతి ప్రయాణం ముందు టార్క్ రెంచ్‌తో చూసుకోవాలి. రెండోది, ముందు హబ్బులు మార్చి పాత వలయానికి తేవడం. మూడోది నాకు నచ్చింది: ముందు డానా 60 ఏ పికప్‌లోంచి తీశారో దాని వెనక యాక్సిల్ కూడా తెచ్చుకోవడం. బోల్టులు కలుస్తాయి, ముందూ వెనకా గేరు నిష్పత్తి ఫ్యాక్టరీలోనే కలిపి ఉంటుంది, ఆ పికప్‌లో 4.10 ఉంటే మీ పని సగం అయిపోయినట్టే. స్ప్రింగ్ కూర్చునే పలకలు మీ వ్యాన్ కమాను కట్టల కొలతకి వెల్డ్ చేయించాలి, హ్యాండ్‌బ్రేక్ కేబుల్ కుదుర్చుకోవాలి. స్క్రాప్ యార్డులో ఒక్కటే కొనే బదులు రెండూ కలిపి బేరమాడితే ధర కూడా తగ్గిస్తారు. 16 అంగుళాల రిమ్ కావాలనుకుంటే 1999-2004 మధ్య యాక్సిల్ వెతకండి, 2005 నుంచి బ్రేకులు పెద్దవయ్యాయి, వాటికి 17 కావాలి.

గేరు లెక్క: ఇక్కడ కాస్త నిదానంగా

యాక్సిల్‌లో క్రౌన్ (పెద్ద గేరు) పళ్ళని పినియన్ (దాన్ని తిప్పే చిన్న గేరు) పళ్ళతో భాగిస్తే వచ్చేది నిష్పత్తి. 41 పళ్ళ క్రౌన్, 11 పళ్ళ పినియన్ అయితే 3.73. 41కి 10 అయితే 4.10. 41కి 9 అయితే 4.56. 39కి 8 అయితే 4.88. అంకె పెద్దదైతే చక్రం ఒక చుట్టు తిరగడానికి ఇంజన్ ఎక్కువ చుట్లు తిరుగుతుంది, లాగే బలం ఎక్కువ, హైవే మీద ఇంజన్ చప్పుడు కూడా ఎక్కువ.

ముందు మీ బండిలో ఇప్పుడేముందో తెలుసుకోండి. డోరు స్టిక్కర్ మీద యాక్సిల్ కోడ్ ఉంటుంది, డిఫరెన్షియల్ మూత బోల్టుకి చిన్న రేకు బిళ్ళ వేలాడుతుంటుంది, కానీ పాత బండికి మధ్యలో ఎవరేం మార్చారో దేవుడికెరుక. నమ్మకంగా చూడాలంటే ముందు చక్రాలకి రాళ్ళు అడ్డం పెట్టి, న్యూట్రల్‌లో పెట్టి, వెనక ఒక్క చక్రాన్నే జాకీతో లేపి, స్టాండు పెట్టి, ఆ చక్రాన్ని సరిగ్గా రెండు చుట్లు తిప్పండి. ప్రొపెల్లర్ షాఫ్ట్ ఎన్ని చుట్లు తిరిగిందో అదే మీ నిష్పత్తి. దాదాపు మూడుముప్పావు వస్తే 3.73, నాలుగు దాటి కొంచెమైతే 4.10. మామూలు ఓపెన్ డిఫరెన్షియల్‌కే ఈ చిట్కా.

ఇక అసలు సూత్రం. గంటకి మైళ్ళని గేరు నిష్పత్తితో, గేర్‌బాక్స్ చివరి గేరు (ఓవర్‌డ్రైవ్) నిష్పత్తితో, 336తో గుణించి టైరు ఎత్తు అంగుళాలతో భాగిస్తే ఇంజన్ ఆర్‌పీఎం. ఈ వ్యాన్లలోని గేర్‌బాక్సుల్లో నాలుగు గేర్ల 4ఆర్100కీ, అయిదు గేర్ల 5ఆర్110కీ ఓవర్‌డ్రైవ్ 0.71.

ఫ్యాక్టరీ టైరు ఎల్‌టీ245/75ఆర్16, ఎత్తు 30.5. 3.73తో 65 మైళ్ళ దగ్గర సుమారు 1,900 ఆర్‌పీఎం. ఆ టైరు తీసి 34.6 అంగుళాలది (35 అని పిలిచేది) వేస్తే 1,670కి పడిపోతుంది. వినడానికి మైలేజీ పెరిగినట్టుంటుంది, కానీ పెద్ద పెట్టెలాంటి బండి గాలిని చీల్చుకుంటూ వెళ్ళాలి, ఆ ఆర్‌పీఎం దగ్గర పెట్రోల్ ఇంజన్‌కి అంత ఊపు ఉండదు, చిన్న ఎత్తు రాగానే ఓవర్‌డ్రైవ్ వదిలేస్తుంది, దిగగానే పట్టుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. గేర్‌బాక్స్ నూనె వేడెక్కేది ఇక్కడే. షెర్విన్ దగ్గర నాకు జరిగింది ఇదే.

పాత స్థితికి రావాలంటే పాత నిష్పత్తిని కొత్త ఎత్తుతో గుణించి పాత ఎత్తుతో భాగించండి. 3.73ని 34.6తో గుణించి 30.5తో భాగిస్తే సుమారు 4.23. అంటే 4.10 వేస్తే నష్టం పూర్తిగా పూడదు, పైగా ఖాళీ వ్యాన్‌కి సరిపోయిన నిష్పత్తి కదా అది. మీరు మంచం, వంటగది, ఫోర్ బై ఫోర్ సామాను కలిపి వేల పౌండ్లు ఎక్కించారు. అందుకే లెక్కలో వచ్చినదానికన్నా ఒక మెట్టు పైకి వెళ్ళమంటాను.

నా అనుభవంలో ఇంజన్‌ని బట్టి 65 దగ్గర ఈ ఆర్‌పీఎం చూసుకోండి. 7.3 లీటర్ల డీజిల్‌కి 1,900 నుంచి 2,050 హాయి, దాని బలమంతా కిందనే ఉంది, అనవసరంగా అరిపించవద్దు. 6.8 వీ10కి 2,100 నుంచి 2,300. 5.4 వీ8 పాపం, దానికి 2,200 పైనే ఉంచండి. ఆ ప్రకారం:

33 అంగుళాల టైరు (అసలు ఎత్తు 32.8), డీజిల్: 4.10, సుమారు 1,940.
33 అంగుళాలు, వీ10: 4.56, సుమారు 2,150. నాది ఇదే.
35 అంగుళాలు, డీజిల్: 4.56, సుమారు 2,040.
35 అంగుళాలు, వీ10: 4.88, సుమారు 2,190.
35 అంగుళాలు, 5.4: చిన్న టైరు వేసుకోండి.

బరువు పడ్డాక టైరు కొంచెం నొక్కుకుంటుంది కాబట్టి నిజం ఆర్‌పీఎం దీనికన్నా రెండు మూడు శాతం ఎక్కువే చూపిస్తుంది. ఖచ్చితంగా కావాలంటే టైరు కంపెనీ ఇచ్చే మైలుకి ఎన్ని చుట్లు అన్న అంకెతో లెక్కేయండి. ఇంకా పైకి, 5.13కో 5.38కో వెళ్తే ఏమవుతుందంటారా, పినియన్ పళ్ళు తగ్గేకొద్దీ అది సన్నబడుతుంది, గంటకి 75 మైళ్ళతో వెళ్ళే రోడ్ల మీద ఇంజన్ మోతకి మాటలు వినబడవు.

కొనేముందు షాపువాడిని అడగాల్సినవి

డానా 60లో క్యారియర్ రెండు రకాలు. 4.10, అంతకన్నా తక్కువ నిష్పత్తులకి ఒకటి, 4.56, అంతకన్నా ఎక్కువకి ఒకటి. మందం పెంచి చేసిన క్రౌన్లు కొన్ని దొరుకుతాయి గానీ లాకర్ ఎలాగూ వేస్తున్నప్పుడు సరైన క్యారియర్‌తోనే కొనండి. నా రెండో ఖర్చంతా ఈ ఒక్క వాక్యం ఎవరూ చెప్పనందుకే. మొదటిసారి పని చేసిన షాపువాడు అడగలేదు, నేనూ అడగలేదు.

ముందు యాక్సిల్‌కీ వెనకదానికీ ఒకే గేర్లు పనికిరావు. సూపర్ డ్యూటీ ముందు డానా 60లో పినియన్ పైకి ఉంటుంది, దానికి రివర్స్ కట్ (పళ్ళు వ్యతిరేక దిశలో కోసిన) గేర్లు కావాలి. ముందు వెనక నిష్పత్తి ఒక శాతం లోపు కలవాలి, 4.10కీ 4.09కీ ఫరవాలేదు, 4.10కీ 4.30కీ జత కలపకూడదు. అలాగే నాలుగు టైర్లూ ఒకే బ్రాండు, ఒకే అరుగుదల. ఈ వ్యాన్లలో ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య డిఫరెన్షియల్ ఉండదు, కాబట్టి పొడి తారు మీద ఫోర్ వీల్‌లో నడపకూడదు, నడిపితే షాఫ్టులు మెలిపడి ఎక్కడో ఒకచోట తెగే దాకా బిగుసుకుంటాయి.

యాక్సిల్ షాఫ్ట్ చివర గాట్లు, అంటే స్ప్లైన్లు, లెక్కపెట్టి చెప్పండి. లాకర్ ఆర్డర్ ఇచ్చేది వాటిని బట్టే, అంకె తప్పితే పెట్టె తెరవకుండానే వాపసు. వెనక డిఫరెన్షియల్‌లో స్పీడ్ సెన్సర్ చదివే పళ్ళ రింగు ఒకటుంటుంది, కొత్త క్యారియర్ మీదకి అది ఎక్కుతుందో లేదో కూడా ముందే అడగండి.

డిఫరెన్షియల్: ట్రాక్టర్ గుర్తుందా

మన ఊళ్ళో దమ్ము చేసే ట్రాక్టర్ బురదలో ఒక చక్రం తిరుగుతూ రెండోది కదలకపోతే డ్రైవర్ మడమ దగ్గర ఒక పెడల్ తొక్కుతాడు. వెంటనే రెండు చక్రాలూ ఒకటై బండి పైకొస్తుంది. మళ్ళీ మలుపు దగ్గర వదిలేస్తాడు, వదలకపోతే బండి తిరగదు. లాకర్ గురించి తెలుసుకోవాల్సింది దాదాపు అంతే, మిగతాదంతా ఆ పెడల్ ఎవరు తొక్కాలి, ఎప్పుడు తొక్కాలి అన్న తేడాలే.

ఓపెన్ డిఫరెన్షియల్ అంటే పెడల్ లేని ట్రాక్టర్. ఫోర్ వీల్ వేసినా ముందు ఒకటి, వెనక ఒకటి తిరిగి మిగతా రెండూ చూస్తుంటాయి.

క్లచ్ పలకల లిమిటెడ్ స్లిప్, ఫోర్డ్ వాళ్ళు ట్రాక్షన్ లాక్ అంటారు, కొత్తలో బాగుంటుంది, పలకలు అరిగేకొద్దీ ఓపెన్‌లా తయారవుతుంది, నూనెలో ఫ్రిక్షన్ మాడిఫయర్ కలపకపోతే మలుపుల్లో మూలుగుతుంది. పాత బండిలో ఇది ఉందని చెప్పి ఎవరైనా ఎక్కువ ధర అడిగితే నవ్వి ఊరుకోండి.

ఈటన్ ట్రూట్రాక్ గేర్లతోనే పనిచేస్తుంది, పలకలు లేవు, అరిగేదేమీ లేదు. మంచు రోడ్డు మీద, తడి గడ్డి మీద, కంకర మీద ఏమీ నొక్కకుండానే పట్టున్న చక్రానికి బలం పంపుతుంది, నడిపేవాడికి అది ఉన్నట్టే తెలియదు. దీని లోపం: ఒక చక్రం పూర్తిగా గాలిలో లేస్తే ఓపెన్‌లాగే అయిపోతుంది. అప్పుడు బ్రేకు కొద్దిగా తొక్కిపట్టి యాక్సిలరేటర్ ఇస్తే కదులుతుంది, అలవాటు చేసుకోవాలి. దీంట్లో సింథటిక్ కాకుండా మామూలు మినరల్ గేర్ ఆయిల్ వాడమంటారు, నూనె మార్చేవాడికి ఈ మాట గట్టిగా చెప్పండి.

డెట్రాయిట్ లాకర్ లాంటి ఆటోమేటిక్‌లు ఎప్పుడూ లాకై ఉండి మలుపులో మాత్రం వదులుతాయి. రాళ్ళ మీద రాక్షసులు. కానీ ఎత్తైన, బరువైన వ్యాన్‌కి మంచు మీద నాకు ఇవి భయం. రోడ్డు ఒక పక్కకి వాలి ఉన్నప్పుడు ఒక చక్రం జారినా రెండోది బండిని పట్టుకుని ఉంటుంది, అదే రెండూ లాకై ఒకేసారి జారితే వెనక భాగం మొత్తం వాలువైపు కొట్టుకుపోతుంది. పిల్లలు వెనక నిద్రపోతున్న బండికి ఆ టెన్షన్ వద్దు.

సెలెక్టబుల్ అంటే స్విచ్ నొక్కితేనే లాకయ్యేవి, గాలితో పనిచేసే ఏఆర్‌బీ, కరెంటుతో పనిచేసే ఈటన్ ఈలాకర్. ట్రాక్టర్ పెడల్ ఇదే. నొక్కనంతసేపూ ఓపెన్. ఏఆర్‌బీకి కంప్రెసర్ కావాలి, ఆ కంప్రెసర్‌తోనే టైర్లకి గాలి కొట్టుకోవచ్చు కాబట్టి నేనైతే దాన్ని అదనపు ఖర్చుగా లెక్కేయను. గాలి పైపు చక్కగా కట్టకపోతే వేడి సైలెన్సర్ పక్కన కరిగి సరిగ్గా కావాల్సిన రోజునే పనిచేయదు.

ఒక్కటే కొనగలిగితే వెనక కొనండి, ఎత్తు ఎక్కేటప్పుడు బరువంతా అక్కడికే వస్తుంది. ఎక్కువగా మంచు, మట్టి రోడ్లు అయితే వెనక ట్రూట్రాక్, ముందు ఓపెన్ ఉంచినా జీవితం సాఫీగా గడిచిపోతుంది. యూటా రాళ్ళు, ఇసుక వాగులు తరచుగా వెళ్తే వెనక సెలెక్టబుల్. నాది వెనక ఏఆర్‌బీ, ముందు ట్రూట్రాక్. ముందు కూడా పూర్తి లాకర్ వేస్తే నొక్కినప్పుడు స్టీరింగ్ తిరగడం కష్టం, ముందు షాఫ్ట్ జాయింట్ల మీద ఒత్తిడి చాలా ఎక్కువ, ఈ బరువుకి ఆ జూదం నేను ఆడను.

లో రేంజ్, క్లుప్తంగా

పికప్‌ల నుంచి వచ్చే ఎన్‌వీ271 ట్రాన్స్‌ఫర్ కేసులో (ముందు వెనక ఇరుసులకి బలం పంచే పెట్టెలో) లో రేంజ్ నిష్పత్తి 2.72. మొదటి గేరు, లో, యాక్సిల్ మూడింటినీ గుణిస్తే పాకే నిష్పత్తి వస్తుంది. 4ఆర్100 మొదటి గేరు 2.71, 4.56తో మొత్తం దాదాపు 33.6. 5ఆర్110లో మొదటి గేరు 3.11 కాబట్టి 38.6. ఆటోమేటిక్ బండికి, టార్క్ కన్వర్టర్ సాయం ఉంటుంది కాబట్టి, ఇది చాలు. అట్లాస్ కేసులో 3.8, 4.3 లాంటివి ఉన్నాయి, వాటికి పెట్టే డబ్బు నా దృష్టిలో మంచి షాకులకి పెట్టొచ్చు. ఈ అంకె ఎక్కడంలో కన్నా దిగడంలో ఎక్కువ పనికొస్తుంది, దాదాపు నాలుగున్నర టన్నుల వ్యాన్ యూటాలోని షేఫర్ ట్రైల్ ఘాటు మలుపుల్లో బ్రేకులు కాలకుండా దిగాలంటే ఇంజనే పట్టి ఉంచాలి.

బిగించడం, తర్వాత మొదటి 500 మైళ్ళు

క్రౌన్ పినియన్ బిగించడం ఇంటి ముందు యూట్యూబ్ చూస్తూ చేసే పని కాదు. పినియన్ లోతు, బ్యాక్‌లాష్ (పళ్ళ మధ్య వదులు), బేరింగ్ బిగువు మూడూ కుదరాలి, బ్యాక్‌లాష్ అంగుళంలో వెయ్యో వంతులు ఆరు నుంచి పది మధ్య చూస్తారు. పళ్ళకి పసుపు రంగు పూసి తిప్పితే అచ్చు ఎక్కడ పడిందో కనబడుతుంది. ఆ అచ్చు ఫోటో ముందూ వెనకా రెండూ తీసి పంపమనండి. మంచి మెకానిక్ అడక్కుండానే పంపుతాడు, అడిగితే విసుక్కునేవాడి దగ్గర పని చేయించకండి.

మొదటి రోజు 15, 20 మైళ్ళు నెమ్మదిగా నడిపి ఆపి పూర్తిగా చల్లారనివ్వండి, ఇలా రెండు మూడుసార్లు. ఇక్కడే కొత్త గేర్లు మాడిపోయేది, ఇంటికి తెచ్చిన ఆనందంలో నేరుగా హైవే ఎక్కి రెండు గంటలు తోలేస్తారు. 500 మైళ్ళ దాకా పూర్తి లోడు, ట్రెయిలర్ వద్దు. 500 దగ్గర నూనె మార్చండి, అందులో సన్నటి బూడిదరంగు పొడి మామూలే, రేకు ముక్కలు కనబడితే బండి కదపకండి. వేగాన్ని బట్టి "ఊఁ" అని పాట వస్తే, కాలు తీస్తే ఆగిపోయి నొక్కితే మళ్ళీ వస్తే, అమరిక కుదరలేదని అర్థం. అలవాటైపోతుందిలే అంటే నమ్మవద్దు, అలవాటయ్యేది మీ చెవులకి మాత్రమే.

స్పీడోమీటర్ సరిచేయించడం మర్చిపోతారు. సెన్సర్ క్రౌన్ దగ్గర ఉన్న బండ్లలో గేరు మార్పు మీటర్ని కదపదు, టైరు మార్పు కదుపుతుంది. 30.5 నుంచి 34.6కి వెళ్తే మీటర్ 60 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి 68లో ఉంటారు. పోలీసుకి టైర్ల లెక్క చెప్పి చూశాను, వినలేదు.

గాలి, స్టెప్నీ

80 పీఎస్‌ఐ అనేది గరిష్ఠ మోతకి, మీ బరువుకి ఎంత కావాలో టైరు కంపెనీ లోడ్ పట్టికలో ఉంటుంది. నేను తారు మీద వెనక 70, ముందు 55 ఉంచుతాను. గరుకు మట్టి రోడ్డు మీద 40కి దించితే గిన్నెల చప్పుడు సగం తగ్గుతుంది, వేగం కూడా తగ్గించాలి. మెత్తటి ఇసుకలో 20, 25, అదీ నెమ్మదిగా, గట్టి మలుపులు తిప్పకుండా. తారు ఎక్కగానే మళ్ళీ కొట్టాలి, బద్ధకిస్తే టైరు వేడెక్కి పక్కగోడ పోతుంది.

స్టెప్నీ కూడా అదే సైజు, అదే టైరు కొని అయిదింటినీ వరసగా మార్చుతూ వాడండి. రిమ్‌తో కలిపి దాన్ని ఒక్కడే ఎత్తి వెనక తలుపు మీద పెట్టడం మామూలు మనిషి వల్ల కాదు, చిన్న వించి పెట్టుకోండి. తలుపు మీద, ఇరుసుకి బాగా వెనక వేలాడుతుంది కాబట్టి దాని బరువు కన్నా ఎక్కువే వెనక చక్రాల మీద పడుతుంది, ముందు చక్రాల మీద అంత తగ్గుతుంది. కనుక అన్నీ బిగించాక మళ్ళీ ఒకసారి కాటా మీదకి వెళ్ళి, వచ్చిన అంకెల్ని టైరు ఇండెక్స్ పక్కన రాసి సన్‌వైజర్ వెనక అతికించుకోండి. రెండోసారి నా వెనక ఎడమ చక్రం 2,890 చూపించింది, అల్మరా పీకినందుకు.